ఎరుగని మనిషి పట్ల ధర్మం

అంతర్జాతీయ సహాయ సంస్థల్లో జీతానికో, స్వచ్ఛందంగానో పనిచేసేవారు తమ ఊరూ భాషా మతమూ కాని మనుషుల కష్టాన్ని తమ పనిగా ఎంచుకుంటారు. కరువు నేలలో గంజి కేంద్రం నడిపేవారు, యుద్ధం జరిగేచోట గాయాలకు కుట్లు వేసే వైద్యులు, శరణార్థుల శిబిరాల్లో కుళాయిలు వేయించే ఇంజనీర్లు, ఎక్కడో నగరంలో కూర్చుని పద్దులు రాసేవారు అందరూ ఇందులో భాగస్థులే. దానం ఎంత పాతదైనా, ఈ రూపంలో ఈ పని వయసు దాదాపు 160 ఏళ్ళు. దీని వెనుక మతాలూ తత్త్వశాస్త్రమూ చాలాకాలంగా తర్కిస్తున్న మూడు ప్రశ్నలున్నాయి. ముక్కూ మొహం తెలియని మనిషి పట్ల ఎవరికైనా నిజంగా బాధ్యత ఉంటుందా? ఉంటే అది దయ చూపడమా, బాకీ తీర్చడమా? ఆ బాధ్యత తీర్చడానికి పరాయి నేల మీద అడుగుపెట్టినవారు ఎలా మసలుకోవాలి? మొదటి రెండు ప్రశ్నల మీద శాస్త్రచర్చ విస్తారంగా జరిగింది. మూడోదాని మీద జరిగింది తక్కువ. కానీ సహాయంలోని మంచిచెడ్డలు ఎక్కువగా తేలేది అక్కడే.

గుమ్మంలోకి వచ్చిన ఆపన్నుడు

భాగవతం నవమ స్కంధంలోని రంతిదేవుడి కథ మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతుంది. 48 రోజులు తిండీ నీళ్ళూ లేక గడిపిన ఆ రాజుకు చివరికి కొంత అన్నం దొరుకుతుంది. నోట పెట్టుకోబోయే వేళకు ఒక బ్రాహ్మణుడు, తర్వాత ఒక శూద్రుడు, ఆపైన కుక్కల్ని వెంటబెట్టుకుని మరొకడు వచ్చి ఆకలంటారు. అన్నం వాళ్ళతోనే అయిపోతుంది. మిగిలిన కాసిని నీళ్ళు తాగబోతుంటే దాహమంటూ ఒక చండాలుడు వస్తాడు. ఆ నీళ్ళూ అతడికే దక్కుతాయి. రంతిదేవుడు కోరుకున్నది మోక్షం కాదు. ప్రాణులన్నింటి దుఃఖాన్నీ తానే మోసి వాటికి దుఃఖం లేకుండా చేయడం. పోతన భాగవతం వల్ల తెలుగువారికి తరతరాలుగా తెలిసిన ఈ కథలో దాత అడిగినవాడి కులం చూడడు, యోగ్యత తూచడు. ఆకలే అర్హత.

భగవద్గీత పదిహేడో అధ్యాయం మాత్రం దానానికి కొలతలు పెట్టింది. ఇవ్వడం తన విధి అనుకుని, తిరిగి ఏమీ ఆశించకుండా, తగిన చోట తగిన వేళ తగినవారికి ఇచ్చేది సాత్త్వికం. ప్రత్యుపకారమో పుణ్యఫలమో కోరి, మనసు కష్టపెట్టుకుంటూ ఇచ్చేది రాజసం. చోటూ వేళా చూడకుండా, పుచ్చుకునేవారిని చులకన చేస్తూ ఇచ్చేది తామసం. ఇందులో పాత్రత అనే షరతు ఉంది. ధర్మశాస్త్రాలు చాలాచోట్ల విద్యా నియమాలు గల బ్రాహ్మణుణ్ణే దానపాత్రుడిగా చెప్పాయి. రంతిదేవుడి కథ ఆ హద్దును తుడిచివేసి, కష్టంలో ఉన్న ప్రతి ప్రాణికీ పాత్రత ఇచ్చింది. మూడో రకం గురించి గీత చేసిన హెచ్చరిక కూడా అంతే ముఖ్యమైనది. అవమానించి పెట్టిన అన్నం కడుపు నింపినా, ఆ దానం అధమమే.

ఇతర సంప్రదాయాలూ ఇదే దారిన నడిచాయి. లూకా సువార్తలోని ఉపమానంలో దారిదోపిడీకి గురై పడివున్న మనిషిని అతడి మతంలోని పెద్దలే చూసి పక్కకు తప్పుకుంటారు. యూదులు అంటరానివాడిలా చూసే సమరియుడొకడు ఆగి, గాయాలు కట్టి, సత్రానికి చేర్చి, ఖర్చు తానే భరిస్తాడు. ముస్లింలు విధిగా ఇచ్చే దానమైన జకాత్ ఎవరికి చెందాలో ఖురాన్ తొమ్మిదో సూరా ఎనిమిది వర్గాలుగా చెప్పింది. వాటిలో దారిమధ్యలో చిక్కుకున్న బాటసారి ఒకడు. మళ్ళీ తెలుగునాటికి వస్తే, గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ (1841–1909) లంకల గన్నవరంలోని తన ఇంటికి వచ్చినవారికి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టి అపర అన్నపూర్ణగా పేరుపొందింది.

వీటన్నింటిలో ఒక సామాన్య లక్షణం ఉంది. ఆపన్నుడు కంటి ఎదుటే ఉన్నాడు. గుమ్మంలోకి వచ్చాడు, లేదా దారిలో అడ్డంగా పడివున్నాడు. వేల మైళ్ళ అవతల ఉన్నవాడి గురించి పాత గ్రంథాలు విడిగా చర్చించవలసిన అవసరం రాలేదు. అక్కడి వార్త ఇక్కడికి చేరేది కాదు, ఇక్కడి అన్నం అక్కడికి చేరేది కాదు. తంతి, రైలు, ఆవిరి ఓడ, ఆ తర్వాత విమానం, టెలివిజన్ వచ్చాక ఆ అడ్డు తొలగింది. తెలియదనీ చేతకాదనీ చెప్పే వీలు పోయింది.

దూరం బాధ్యతను తగ్గిస్తుందా

1971లో తూర్పు బెంగాల్ నుంచి లక్షలాది శరణార్థులు భారతదేశంలోకి వచ్చిపడ్డారు. ఆ ఏడు చివరినాటికి వారి సంఖ్య 90 లక్షలు దాటింది. ఆ విపత్తును ముందుంచుకుని ఆస్ట్రేలియా తత్త్వవేత్త పీటర్ సింగర్ రాసిన వ్యాసం 1972లో అచ్చయింది. లోతులేని కుంటలో పసిబిడ్డ మునిగిపోతుంటే దారినపోయేవాడు బట్టలు తడుస్తాయని ఊరుకోవడం తప్పని అందరూ ఒప్పుకుంటారు. అలాగైతే, పెద్ద నష్టమేమీ లేకుండా ఆపగలిగిన మరణాన్ని ఆపకపోవడం ఎక్కడైనా తప్పే. బిడ్డ పది గజాల దూరంలో ఉన్నా పదివేల మైళ్ళ దూరంలో ఉన్నా తప్పు బరువు మారదు. కాపాడగలవారు ఇంకా ఎందరో ఉన్నారన్నది కూడా సాకు కాదు. ఈ వాదన ప్రకారం విరాళం ఇవ్వడం మెచ్చుకోదగిన గొప్పగుణం కాదు; ఇవ్వకపోవడం దోషం.

దీనికి ఎదురుగా అమెరికా జీవశాస్త్రవేత్త గారెట్ హార్డిన్ 1974లో మరో వాదన తెచ్చాడు. సంపన్న దేశాలు నిండుగా ఉన్న ప్రాణరక్షక పడవల వంటివనీ, నీళ్ళలో ఈదేవారందరినీ ఎక్కించుకుంటే పడవే మునుగుతుందనీ, తిండి పంపితే జనాభా పెరిగి రేపటి కరువు మరింత పెద్దదవుతుందనీ అన్నాడు. ఈ లెక్క తిండి చాలకపోవడమే కరువుకు కారణమన్న నమ్మకం మీద నిలబడింది. ఆ నమ్మకాన్నే అమర్త్య సేన్ 1981లో వెలువడిన గ్రంథంలో ప్రశ్నించాడు. సుమారు 30 లక్షల ప్రాణాలు తీసిందని అంచనా వేసే 1943 బెంగాల్ కరువులో ధాన్యం పూర్తిగా లేకపోవడం కాదు, ధరలు పెరిగి కూలీలకూ జాలర్లకూ దాన్ని కొనే శక్తి పోవడం ప్రధాన కారణమని చూపించాడు. కరువు మనుషులు చేసుకున్న ఏర్పాట్ల ఫలితమైతే, దాన్ని నివారించడమూ మనుషుల చేతిలోనే ఉంటుంది. పడవ పోలిక అక్కడే విరిగిపోతుంది.

సింగర్ వాదనకు గట్టి చిక్కు మరొకటి ఉంది. ప్రపంచంలో ప్రతి ఆపన్నుడికీ ప్రతివాడూ బాధ్యుడైతే ఆ బాధ్యతకు అంతెక్కడ? తల్లిదండ్రులు, పిల్లలు, ఇరుగుపొరుగుల పట్ల ఉన్న ప్రత్యేక ధర్మాల మాటేమిటి? పరోపకారం తప్పనిసరే గాని ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్నది వ్యక్తి విచక్షణకు వదిలిన విధి అని తత్త్వవేత్త కాంట్ సంప్రదాయం చెబుతుంది. ఇది న్యాయమైన దిద్దుబాటే. ఒక్కడే అందరినీ ఆదుకోలేడు, అందరూ ఏదో ఒక మేర ఆదుకోకుండా ఉండలేరు. సహాయ సంస్థ అవసరం ఇక్కడే పుడుతుంది. వేలమంది చేతుల్లో చెల్లాచెదురుగా ఉన్న బాధ్యతను ఒకచోట చేర్చి, ఫలానా శిబిరానికి ఫలానా రోజున ఇన్ని లీటర్ల నీరు అన్న రూపం ఇచ్చేది అదే.

దయా, బాకీనా

రెండో ప్రశ్న ఇంకా లోతైనది. దాత తన సొత్తు ఇస్తున్నాడా, అవతలివాడికి చెందవలసింది అప్పగిస్తున్నాడా? వేర్వేరు కాలాల్లో, వేర్వేరు సంప్రదాయాల్లో పుట్టిన గ్రంథాలు ఇక్కడ ఒకే మాట మీదికి వచ్చాయి. భాగవతం సప్తమ స్కంధంలో నారదుడు ధర్మరాజుకు గృహస్థధర్మం చెబుతూ, కడుపు నిండేటంత వరకే మనిషికి హక్కు ఉందనీ, అంతకు మించినది తనదనుకునేవాడు దొంగ అనీ, దండనకు అర్హుడనీ అంటాడు. దేవతలిచ్చినదాన్ని తిరిగి పంచకుండా అనుభవించేవాడు దొంగే అని గీత మూడో అధ్యాయం చెబుతుంది. నాలుగో శతాబ్దంలో అంతియొకయలో బోధించిన క్రైస్తవాచార్యుడు జాన్ క్రిసోస్టమ్ పేదలతో పంచుకోకపోవడమంటే వారి సొత్తు దొంగిలించడమే అన్నాడు. విశ్వాసుల సంపదలో యాచకుడికీ అడగలేని అభాగ్యుడికీ హక్కు ఉందని ఖురాన్ అంటుంది.

మతభాష పక్కనపెట్టినా ఇదే ఫలితం వస్తుంది. సంపన్నుడు ఉపకారం చేయగలిగే స్థితిలో ఉండడానికి చాలావరకు అన్యాయమైన ఏర్పాట్లే కారణమనీ, అలాంటప్పుడు అతడి సహాయం తాను గొప్పగా చెప్పుకోదగిన ఉపకారమేనా అనీ కాంట్ 1797లో ప్రశ్నించాడు. జర్మన్ తత్త్వవేత్త థామస్ పోగే 2002 నాటి తన గ్రంథంలో దీన్ని దేశాల స్థాయికి విస్తరించాడు. వాణిజ్య నియమాలు, అప్పులు, నియంతలతో సహజవనరుల ఒప్పందాలు పేద దేశాలకు నష్టం చేస్తున్నప్పుడు, ఆ నియమాల వల్ల లాభపడేవారిది సహాయం చేయని దోషం మాత్రమే కాదు, హాని చేస్తున్న దోషం కూడా అన్నాడు. వలసపాలన చరిత్ర తెలిసిన దేశాలకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర లేదు.

దయ అనుకోవడానికీ బాకీ అనుకోవడానికీ మధ్య తేడా మాటలకు పరిమితం కాదు. దయగా ఇస్తే కృతజ్ఞత ఆశించవచ్చు, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపవచ్చు, ఎలా ఇచ్చినా అడిగేవారుండరు. బాకీ తీరుస్తున్నప్పుడు అలా కుదరదు. తీసుకునేవారు లెక్క అడగవచ్చు, నాసిరకం ఇస్తే కాదనవచ్చు, ఇచ్చే తీరు బాగాలేదని చెప్పవచ్చు. దానం చేసేటప్పుడు శ్రద్ధతో పాటు సిగ్గూ భయమూ ఉండాలని తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి గురువు నోట శిష్యుడికి చెప్పించింది. ఉన్నదానిలో ఇస్తున్నది ఇంతేనా అన్న సంకోచం దాతకు ఉండాలన్నది దాని భావమని తీసుకుంటే, ఆ ఉపదేశం సహాయ సంస్థలన్నింటికీ వర్తిస్తుంది.

గుమ్మం దాటిన దాత

1859 జూన్ 24న ఉత్తర ఇటలీలోని సోల్ఫెరీనో వద్ద ఫ్రెంచి, సార్డీనియా సేనలకూ ఆస్ట్రియా సేనకూ ఘోరయుద్ధం జరిగింది. అల్జీరియాలో తన వ్యాపారం గురించి మూడో నెపోలియన్‌ను కలవాలని వచ్చిన జెనీవా వర్తకుడు హెన్రీ డ్యునాంట్, పక్కనే ఉన్న కస్తిల్యోనె పట్టణంలో వేలాది క్షతగాత్రులు చికిత్స లేక పడివుండటం చూశాడు. ఆ ఊరి ఆడవాళ్ళను కూడగట్టి చర్చిల్లో సేవ మొదలుపెట్టాడు. ఏ పక్షం సైనికుడైనా అందరూ అన్నదమ్ములే అన్న మాట ఆ ఆడవాళ్ళ నోటి నుంచి వచ్చింది. 1862లో అతడు ఆ అనుభవాన్ని పుస్తకంగా అచ్చువేయించాడు. 1863లో జెనీవాలో ఐదుగురు సభ్యుల సంఘం ఏర్పడి రెడ్‌క్రాస్‌కు పునాది అయింది. 1864లో మొదటి జెనీవా ఒప్పందం కుదిరింది. 1901లో ఇచ్చిన తొలి నోబెల్ శాంతి బహుమతిని డ్యునాంట్ మరొకరితో పంచుకున్నాడు.

ఆ తర్వాత సంస్థలు వరుసగా పుట్టాయి. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక శత్రుదేశాల పిల్లలు ఆకలితో మాడుతున్నారని ఎగ్లంటైన్ జెబ్, ఆమె చెల్లెలు డొరోతి బక్స్‌టన్ 1919లో లండన్‌లో సేవ్ ద చిల్డ్రన్ ప్రారంభించారు. జర్మన్ ఆక్రమణలో కరువుపాలైన గ్రీసు కోసం 1942లో ఆక్స్‌ఫర్డ్‌లో ఏర్పడిన సంఘం ఆక్స్‌ఫామ్ అయింది. నిన్నటి శత్రువు బిడ్డకు పాలు పంపడం దేశద్రోహమని నిందించేవారి మధ్యనే జెబ్ పనిచేసింది. కరపత్రాలు పంచినందుకు ఆమెను అరెస్టు కూడా చేశారు.

ఈ మార్పులో ఇచ్చేవారి, పుచ్చుకునేవారి స్థానాలే తారుమారయ్యాయి. పాత ధర్మంలో ఆపన్నుడు అతిథి, దాత ఇంటి యజమాని. కొత్త పనిలో దాత విమానం దిగి ఆపన్నుడి ఊరికి వెళతాడు. అక్కడ యజమాని ఆపన్నుడే. చేతిలో బియ్యం బస్తాలూ మందులూ ఉన్నా, సహాయ కార్యకర్త ఆ నేల మీద అతిథి. ఆతిథ్యం గురించి సంప్రదాయాలు చెప్పిన నియమాలు ఇద్దరికీ వర్తిస్తాయి. అతిథిని ఆదరించడం గృహస్థు ధర్మమైతే, ఆ ఇంటి మర్యాద కాపాడటం అతిథి ధర్మం. ఇంటివాళ్ళ మాట వినకుండా సామాన్లు సర్దేసే అతిథిని ఎవరూ ఇష్టపడరు. సహాయరంగంలోని గట్టి సమస్యలన్నీ ఈ రెండు పాత్రలు ఒకే మనిషిలో కలవడం వల్ల వచ్చినవే.

రెడ్‌క్రాస్ ఉద్యమం 1965లో వియన్నాలో ప్రకటించిన ఏడు మూలసూత్రాలను ఈ వెలుగులో చదవవచ్చు. మానవత, నిష్పక్షపాతం, తటస్థత, స్వతంత్రత, స్వచ్ఛంద సేవ, ఏకత్వం, సార్వత్రికత అన్నవి ఆ ఏడు. మొదటి రెండు దాతధర్మాలు. బాధను తగ్గించాలి, అది కూడా అవసరాన్ని బట్టే, జాతిమతాలు చూడకుండా. తటస్థత మాత్రం అతిథిధర్మం. ఇంట్లో జరిగే తగాదాలో పక్షం వహిస్తే రేపు ఆ గడప తొక్కనివ్వరు. ఖైదీలను చూడాలన్నా, ముట్టడిలో ఉన్న ఊరికి మందులు చేర్చాలన్నా ఆయుధం పట్టినవాడి అనుమతి కావాలి. తటస్థతకు ఉన్న విలువ అదే, దాని ఇరకాటమూ అదే.

మౌనమా, సాక్ష్యమా

ఆ ఇరకాటం అత్యంత దారుణంగా బయటపడింది రెండో ప్రపంచయుద్ధంలో. యూదులను సామూహికంగా చంపుతున్నారన్న సమాచారం జెనీవాకు చేరింది. బహిరంగ ప్రకటన చేయాలా వద్దా అని 1942 అక్టోబరులో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ చర్చించి, వద్దని తేల్చుకుంది. గొంతెత్తితే యుద్ధఖైదీలను చూసే అవకాశం కూడా పోతుందన్న భయం అందులో ఉంది. తర్వాతి కాలంలో ఆ కమిటీయే దాన్ని తన చరిత్రలోని అతిపెద్ద వైఫల్యంగా ఒప్పుకుంది.

నైజీరియా నుంచి విడిపోవాలని బియాఫ్రా చేసిన యుద్ధం (1967–70) ఈ చర్చను మళ్ళీ రగిల్చింది. రెడ్‌క్రాస్ తరఫున అక్కడ పనిచేసిన కొందరు ఫ్రెంచి డాక్టర్లు ఆకలితో చచ్చే పిల్లల్ని చూసి మౌనం పాటించలేమన్నారు. వారిలో కొందరు పాత్రికేయులతో కలిసి 1971లో పారిస్‌లో వైద్యుల సంస్థ మెద్సాఁ సాఁ ఫ్రాంతియేర్‌ను స్థాపించారు. చికిత్సతో పాటు చూసినదాన్ని లోకానికి చెప్పడం కూడా తమ విధి అన్నది దాని సిద్ధాంతం. 1985లో ఇథియోపియాలో కరువు సహాయం అండతో ప్రభుత్వం జనాన్ని బలవంతంగా తరలిస్తోందని చెప్పినందుకు ఆ సంస్థ ఫ్రెంచి శాఖను దేశం నుంచి వెళ్ళగొట్టారు. 1999లో ఈ సంస్థకు నోబెల్ శాంతి బహుమతి లభించింది. అయితే మాట్లాడితే అన్నీ చక్కబడతాయన్న హామీ బియాఫ్రా కూడా ఇవ్వలేదు. అక్కడికి అందిన సహాయం, దాని చుట్టూ సాగిన ప్రచారం యుద్ధాన్ని పొడిగించాయన్న విమర్శ నేటికీ ఉంది.

ఈ రెండు పక్షాల్లో ఒకటే సరైనదని తేల్చడం కష్టం. చెరసాల తలుపు తెరిపించాలంటే నోరు కట్టుకునేవారొకరు కావాలి, లోపల ఏం జరుగుతోందో చెప్పేవారూ ఒకరు కావాలి. ఎక్కడ మౌనం ప్రాణాలు కాపాడుతుంది, ఎక్కడ అది హంతకుడికి తెరగా పనికివస్తుంది అన్న వివేచనే ఇక్కడ ధర్మం. బాధితుడి కోసం పాటించే మౌనం క్షమార్హం. సంస్థ ఉనికి కోసం పాటించే మౌనం కాదు.

మేలు చేయబోయి

1994 ఏప్రిల్ నుంచి జూలై దాకా రువాండాలో సుమారు 8 లక్షల మంది హతమయ్యారు. వారిలో అత్యధికులు టుట్సీలు. చంపినవారు ఓడిపోయి, పది లక్షల పైచిలుకు హుటూ జనంతో కలిసి సరిహద్దు దాటి అప్పటి జైర్‌లోని గోమా తదితర ప్రాంతాలకు చేరారు. కలరా వ్యాపించింది. ప్రపంచ సంస్థలన్నీ పరిగెత్తుకొచ్చాయి. కొద్ది వారాల్లోనే నిజం తెలిసింది. హంతక సైన్యమూ మిలీషియాలే శిబిరాలను శాసిస్తూ, సహాయపు తిండిని మళ్ళించి, మళ్ళీ యుద్ధానికి సిద్ధపడుతున్నాయి. వెళ్ళిపోతే లక్షలాది అమాయకులు చస్తారు. ఉంటే హంతకులు బలపడతారు. ఆ ఏడు చివర్లో మెద్సాఁ సాఁ ఫ్రాంతియేర్ ఫ్రెంచి శాఖ వైదొలగింది. అదే సంస్థలోని కొన్ని శాఖలు మరికొంత కాలం ఉండిపోయాయి. ఇద్దరివీ మనస్సాక్షితో తీసుకున్న నిర్ణయాలే.

ఉద్దేశం మంచిదైతే చాలునన్న నమ్మకం అక్కడ కూలిపోయింది. వెళ్ళినచోట కొత్త హాని చేయకూడదన్న నియమం సహాయరంగంలో అప్పటినుంచి బలపడింది. ఉచిత ధాన్యం కుమ్మరిస్తే ఆ ప్రాంతపు రైతు పంటకు ధర పడిపోతుంది. బయటి సంస్థ ఎక్కువ జీతాలిస్తే ఊరి ఆసుపత్రిలోని నర్సులూ బడిలోని పంతుళ్ళూ అక్కడికే పోతారు. ఆనుపానులు తెలియని చోట ఇచ్చిన వస్తువు కొత్త తగాదాకు కారణమవుతుంది. 2010లో హైతీలో కలరా వ్యాపించడానికి ఐక్యరాజ్యసమితి శాంతిదళాల శిబిరం మురుగే మూలమని తేలింది. అందులో తమ పాత్రను ఆ సంస్థ 2016లో గాని ఒప్పుకోలేదు. అదే దేశంలో భూకంపం తర్వాత ఆక్స్‌ఫామ్ సిబ్బందిలో కొందరు స్థానిక స్త్రీలను లైంగికంగా వాడుకున్న ఉదంతం 2018లో బయటికొచ్చి రంగమంతటినీ కుదిపేసింది. ఆకలిగొన్నవారి మధ్య అన్నం చేతిలో ఉన్నవాడికి ఎంత అధికారం వస్తుందో, దానికి పగ్గం లేకపోతే ఏమవుతుందో ఆ ఉదంతం చూపింది.

సేవకుడి మనసు

సేవ చేసేవారి చిత్తవృత్తి గురించి భారతీయ సంప్రదాయం లోతుగా ఆలోచించింది. 1897 మే 1న స్వామి వివేకానంద రామకృష్ణ మిషన్ స్థాపించారు. అదే ఏడు ముర్షిదాబాద్ జిల్లా కరువులో స్వామి అఖండానంద సహాయకార్యం మొదలుపెట్టారు. జీవుణ్ణి శివుడిగా భావించి సేవించడం వారి ఆదర్శం. లోకాన్ని ఉద్ధరిస్తున్నామనుకోవడం భ్రమ అనీ, సేవ వల్ల మొదట బాగుపడేది సేవకుడేననీ, అందుకు అవకాశమిచ్చిన పేదవాడికి కృతజ్ఞత చూపాలనీ వివేకానంద బోధించారు. తైవాన్‌లో 1966లో చెంగ్ యెన్ అనే బౌద్ధ సన్యాసిని, రోజూ సంతకు వెళ్ళే గృహిణులు వెదురు గొట్టాల్లో దాచిన చిల్లరతో మొదలుపెట్టిన త్సు చీ సంస్థ అనేక దేశాలకు విస్తరించింది. దాని సేవకులు సహాయం అందుకున్నవారికి వంగి నమస్కరించి ధన్యవాదాలు చెబుతారు. గీత చెప్పిన తామసదానానికి ఇది సరిగ్గా ఎదురు కొస.

ఈ ఆదర్శంలో ఒక ప్రమాదం కూడా పొంచివుంది. సేవ ప్రధానంగా సేవకుడి చిత్తశుద్ధికే అయితే, ఆపన్నుడు ఆ సాధనలో ఒక పరికరమైపోతాడు. మనిషిని కేవలం సాధనంగా వాడకూడదన్న కాంట్ సూత్రం ఇక్కడ అడ్డుపడుతుంది. మోక్షం కోసం కాకపోయినా అనుభవం కోసం, చదువు దరఖాస్తులో ఒక వాక్యం కోసం వెళ్ళే కొద్దివారాల వాలంటీర్లకు ఇది మరింత వర్తిస్తుంది. 1968లో లాటిన్ అమెరికాకు సేవకని బయలుదేరే అమెరికన్ విద్యార్థుల సభలో సామాజిక విమర్శకుడు ఇవాన్ ఇలిచ్ నిష్కర్షగా మాట్లాడాడు. భాష రాకుండా, అక్కడి బతుకు తెలియకుండా మేలు చేస్తామని రావద్దు; చూడటానికి, నేర్చుకోవడానికి రండి అన్నది ఆయన మాటల సారం. కంబోడియాలో విదేశీ సందర్శకుల విరాళాలతో అనాథాశ్రమాలు పెరిగాయి. వాటిలోని పిల్లల్లో అత్యధికులకు తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ చెప్పింది. పేదరికం వల్ల బిడ్డను దూరం చేసుకున్న తల్లికి నేరుగా సాయం అందితే ఆ బిడ్డ ఇంట్లోనే పెరిగేవాడు.

సేవాసక్తి మీద దీనితో నీళ్ళు చల్లవలసిన పని లేదు. కావలసింది పనికి తగిన నేర్పు, నేర్చుకునే ఓపిక, ఎక్కువకాలం ఉండే సంకల్పం. నిష్కామం అంటే ఫలం తనకు అక్కర లేదనడమే గాని, అవతలివాడికి అందే ఫలం ఏమైనా ఫరవాలేదనడం కాదు.

మతం, సహాయం

సహాయ సంస్థల్లో పెద్ద భాగం మతప్రేరణతో పుట్టినవే. వరల్డ్ విజన్ (1950), కారితాస్ ఇంటర్నేషనాలిస్ (1951), బర్మింగ్‌హామ్‌లో ఆరంభమైన ఇస్లామిక్ రిలీఫ్ (1984) అందులో కొన్ని. విశ్వాసం సేవకు ఓర్పునిస్తుంది, విరాళాలు తెస్తుంది. అన్నంతో పాటు మతాన్నీ పెట్టవచ్చునా అన్న ప్రశ్నకు మాత్రం జవాబు స్పష్టం. ఆకలిలో ఉన్నవాడికి కాదనే స్వేచ్ఛ ఉండదు. కాదనలేని స్థితిలో ఒప్పుకున్న విశ్వాసానికి ఆ మతం దృష్టిలోనే విలువ లేదు. ప్రేమతో చేసే సేవ మతమార్పిడికి సాధనం కాకూడదని పోప్ పదహారో బెనెడిక్ట్ 2005 నాటి తన లేఖలో రాశారు. రెడ్‌క్రాస్ ఉద్యమమూ స్వచ్ఛంద సంస్థలూ 1994లో కుదుర్చుకున్న పది సూత్రాల నియమావళి కూడా సహాయాన్ని రాజకీయ, మత ప్రచారానికి వాడరాదంటుంది. అతిథిధర్మం చెప్పేదీ ఇదే. ఇంటివారి దేవుణ్ణి మార్చడానికి అతిథికి హక్కు లేదు.

ఎవరికి జవాబుదారీ

1994 నియమావళిలో మరో సూత్రం ఉంది. సంస్థ నిధులిచ్చినవారికీ, సహాయం పొందినవారికీ ఇద్దరికీ జవాబుదారీ. ఆచరణలో మొదటిది తేలిక, రెండోది అరుదు. విరాళమిచ్చినవాడికి ఏటా నివేదిక, ఛాయాచిత్రాలు వెళతాయి. శిబిరంలో ఉన్నవాడు కుళాయి పనిచేయలేదని చెబితే వినే నాథుడుండడు. సహాయాన్ని బాకీగా ఒప్పుకున్నవారు ఈ లోటు తీర్చక తప్పదు. 1997లో మొదలైన స్ఫియర్ ప్రయత్నం విపత్తులో కనీస ప్రమాణాలు నిర్ణయించింది. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు, తలదాచుకోవడానికి 3.5 చదరపు మీటర్ల చోటు వంటివి అందులోవి. అంకె కాగితం మీదికి వచ్చాక తక్కువ పడినదాన్ని అడిగే అధికారం తీసుకునేవారికి వచ్చింది. 2016లో ఇస్తాంబుల్ సభలో దాతలూ సంస్థలూ నిధుల్లో నాలుగో వంతు స్థానిక సంస్థలకు వీలైనంత నేరుగా చేర్చాలని ఒప్పుకున్నాయి. ఇందుకు కారణం స్పష్టమే. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు గాని, మరెక్కడ విపత్తు వచ్చినా గాని మొదట చేయందించేది పక్కూరివాళ్ళే. బయటివారు వచ్చేది ఆ తర్వాతే, వెళ్ళిపోయేదీ ముందే.

పన్నెండో శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ దానానికి ఎనిమిది మెట్లు చెప్పి, అవతలివాడు ఇక చేయి చాచనక్కర లేకుండా పనో పెట్టుబడో భాగస్వామ్యమో కల్పించడాన్ని అన్నింటికన్నా పైమెట్టుగా నిలిపాడు. తెలుగునాట దానికి దగ్గరగా వచ్చిన ఉదాహరణ అనంతపురంలో ఉంది. బార్సిలోనాలో పుట్టి 1952లో భారతదేశానికి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్‌ను, మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతుల మధ్య పనిచేస్తుండగా 1968లో దేశం విడిచి వెళ్ళమన్నారు. తిరిగి వచ్చి, దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటైన అనంతపురంలో 1969లో గ్రామీణాభివృద్ధి సంస్థ నెలకొల్పాడు. ఎక్కువగా స్పెయిన్ కుటుంబాలు పంపే విరాళాలతో దళిత, గిరిజన పల్లెల్లో ఇళ్ళు, బడులు, చెరువుపనులు, బత్తలపల్లి వంటి చోట్ల ఆసుపత్రులు వచ్చాయి. సిబ్బందిలో అత్యధికులు ఆ జిల్లావాళ్ళే. 2009లో కన్నుమూసేదాకా ఆయన అక్కడే ఉన్నాడు. బయటి డబ్బు, లోపలి మనుషులు, దశాబ్దాల కాలం మూడూ కలిసినప్పుడు సహాయం వచ్చిపోయే అతిథి చేతి కానుకగా మిగలకుండా ఊరి సొంతమవుతుంది.

మూడు ప్రశ్నలకూ జవాబులు ఒకదానిమీద ఒకటి ఆధారపడివున్నాయి. దూరం బాధ్యతను చెరపదు. ఆ బాధ్యత ప్రధానంగా బాకీ, కాబట్టి కృతజ్ఞత అడిగే హక్కు దాతకు లేదు, లెక్క అడిగే హక్కు గ్రహీతకు ఉంది. ఆ బాకీ తీర్చడానికి వెళ్ళినవారు అక్కడ అతిథులు, కాబట్టి ఏం కావాలో, ఎలా కావాలో, ఎప్పటిదాకా కావాలో చెప్పవలసింది ఇంటివారు. అంతర్జాతీయ సహాయ సంస్థలో చేరదలచినవారు తమ జాలి ఎంతటిదని కాక, ఆ ఇంటివారి మాట వినే ఏర్పాటు ఆ సంస్థలో ఉందా అని ముందు చూసుకోవాలి. అది ఉన్నచోట పొరపాట్లు జరిగినా దిద్దుకునే వీలుంటుంది. లేనిచోట ఎంత మంచి మనసుతో చేసిన పనైనా తామసదానంగా దిగజారే ప్రమాదం ఉంటుంది.